పిల్లికి ఇంట్లో నెబ్యులైజర్ పెడితే తుంపర ఎక్కడిదాకా వెళ్తుంది?

మనిషికి ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలోంచి వినిపించే సన్నటి ఈల చప్పుడును తెలుగులో పిల్లికూతలు అంటారు. ఆ కూతలు నిజంగా పిల్లి ఛాతీలోంచే వస్తుంటే మాత్రం చాలా ఇళ్లలో గుర్తుపట్టరు. పిల్లి నేలకు ఒదిగి కూర్చుని, మెడ ముందుకు సాచి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు దగ్గుతుంది. వెంట్రుకల ఉండ కక్కబోతోందని చూసేవాళ్లు అనుకుంటారు. ఏమీ బయటకు రాదు, కాసేపటికి పిల్లి మామూలుగా లేచి వెళ్లిపోతుంది, ఆ సంగతి అందరూ మరిచిపోతారు. ఇలా నెలలు గడిచాక ఒకరోజు అది డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకోవడం చూసి డాక్టర్ దగ్గరకు పరుగెత్తుతారు. పరీక్షలయ్యాక చేతికొచ్చే చీటీలో ఈమధ్య తరచుగా కనిపిస్తున్న మాట నెబ్యులైజేషన్, అంటే మందు ద్రవాన్ని యంత్రంతో సన్నటి తుంపరగా మార్చి పీల్చేలా చేయడం.

యంత్రం కొనడం సులువే. మనుషులకు వాడేదే పిల్లికీ పనికొస్తుంది. దాన్ని ఎలా వాడాలన్న దగ్గరే అసలు చిక్కంతా. యంత్రం తుంపరను తయారు చేస్తుంది, అంతవరకే దాని పని. ఆ తుంపరను ఊపిరితిత్తుల దాకా మోసుకెళ్లేది పిల్లి ఊపిరి. కాబట్టి పిల్లిని కూర్చోబెట్టిన పెట్టెలో తుంపర పొగలా ఎంత దట్టంగా కమ్ముకుందో చూసి చికిత్స బాగా జరిగిందనుకుంటే పొరపాటు. తుంపర పెట్టిన ఆ 10 నిమిషాలూ పిల్లి ఎలా ఊపిరి తీసుకుందన్నదే లెక్కకు వస్తుంది.

ఆవిరి వేరు, తుంపర వేరు

నెబ్యులైజర్ అనగానే చాలామంది ఆవిరి పట్టడంతో పోలుస్తారు. రెండూ కంటికి ఒకేలా కనిపించినా పని వేరు. వేడినీళ్ల ఆవిరి చల్లబడి చిన్న నీటి బొట్లుగా మారుతుంది. అవి పెద్దవి కాబట్టి ముక్కులోనో గొంతులోనో వాలిపోతాయి. నెబ్యులైజర్ మందు ద్రవాన్ని అంతకంటే చాలా చిన్న కణాలుగా విడగొడుతుంది. ఒకటి నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉన్న కణాలే కింది శ్వాసనాళాల దాకా వెళ్లగలవు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అంతకంటే పెద్ద కణాలు పైనే ఆగిపోతాయి, మరీ చిన్నవైతే ఎక్కడా వాలకుండా బయటకు వదిలే ఊపిరితో వచ్చేస్తాయి.

పిల్లి విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. మనిషి కావాలనుకుంటే నోటితో గాలి పీల్చుకుని ముక్కును తప్పించగలడు. పిల్లి ముక్కుతోనే పీలుస్తుంది. దాని ముక్కు లోపల సన్నటి ఎముకల మడతలు, వాటి మీద తడి పొర ఉంటాయి. బయటి దుమ్మును పట్టి ఆపడానికే అవి ఉన్నాయి. మందు కణాన్నీ అవి దుమ్ములాగే పట్టుకుంటాయి. ముక్కు దిబ్బడతో బాధపడే పిల్లికి ఇది మేలే, మందు అక్కడే కావాలి కాబట్టి. ఆస్తమా ఉన్న పిల్లికి మాత్రం సగం దారిలోనే సరుకు దిగిపోయినట్టు.

చిన్న లెక్క ఒకటి వేసి చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. పిల్లి ఒక్కో ఊపిరికి, కిలో బరువుకు సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున గాలి పీలుస్తుంది. 4 కిలోల పిల్లి నిమిషానికి 25 సార్లు ఊపిరి తీసుకుంటే మొత్తం ఒక లీటరు గాలి. కంప్రెసర్ ఉండే నెబ్యులైజర్ నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలిని తుంపరతో కలిపి పంపుతుంది. అంటే మాస్క్ ముఖానికి ఎంత చక్కగా అమరినా, వచ్చిన తుంపరలో ఆరో వంతుకు మించి పిల్లి పీల్చుకోలేదు. అందులోంచి ముక్కు తన వాటా తీసుకుంటుంది, యంత్రానికి ఉన్న మందు కప్పు అడుగున ఒక మిల్లీలీటరు దాకా మందు ఎప్పుడూ మిగిలిపోతుంది. చివరికి ఊపిరితిత్తులకు చేరేది చాలా కొద్ది. డాక్టర్ రాసే మోతాదులో ఈ వృథా అంతా ముందే లెక్కలో ఉంటుంది. కాబట్టి సరిగా అందట్లేదేమోనని ఇంట్లో ఎవరూ సొంతంగా మందు పెంచకూడదు. పెంచాల్సింది లోపలికి చేరే వాటా.

ఆ వాటాను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది భయం. బెదిరిపోయిన పిల్లి వేగంగా, పైపైన ఊపిరి తీసుకుంటుంది. అలా వేగంగా లాగిన గాలిలోని కణాలు ముక్కు మలుపుల్లోనే కొట్టుకుని అతుక్కుపోతాయి. ఏడుస్తున్న పసిపిల్లలకు నెబ్యులైజర్ పెట్టినప్పుడు ఊపిరితిత్తులకు చేరే మందు బాగా తగ్గుతుందని పిల్లల వైద్యంలో ఎప్పటినుంచో తెలిసిన సంగతే. పిల్లికి మందు వృథా కావడంతో ఆగదు. అసలే ఊపిరి అందక అవస్థ పడుతున్న జంతువు పెనుగులాడితే ఆక్సిజన్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, ప్రాణం మీదకే రావచ్చు. టవల్‌లో చుట్టి, ఇద్దరు పట్టుకుని, బలవంతంగా మాస్క్ పెట్టి 15 నిమిషాలు పూర్తి చేయడం కంటే ఆ పూట మానేయడమే మంచిది.

యంత్రం ఎంపిక

ఇళ్లలో వాడేవి ముఖ్యంగా మూడు రకాలు. కంప్రెసర్‌తో గాలిని కొట్టి ద్రవాన్ని చెదరగొట్టేది జెట్ నెబ్యులైజర్. గట్టిది, దాదాపు ఏ మందుకైనా సరిపోతుంది, కానీ బాగా చప్పుడు చేస్తుంది. అధిక వేగపు కంపనాలతో పనిచేసేది అల్ట్రాసోనిక్. చప్పుడు తక్కువే, కానీ ద్రవాన్ని కాస్త వేడెక్కిస్తుంది. బ్యూడెసొనైడ్ లాంటి, నీటిలో కరగకుండా తేలుతూ ఉండే మందుల్ని సరిగా తుంపరగా మార్చలేదు. మూడోది మెష్. కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలున్న పలుచటి రేకు కంపిస్తూ ద్రవాన్ని తుంపరగా వదులుతుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాదాపు నిశ్శబ్దంగా పనిచేస్తుంది. శుభ్రం చేయడంలో నిర్లక్ష్యం చేస్తే ఆ రంధ్రాలు పూడుకుపోతాయి.

మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, పిల్లి చెవి 60 కిలోహెర్ట్జ్ పైన కూడా వినగలదు. మనకు మామూలు మోతగా వినిపించే కంప్రెసర్‌లో దానికి ఇంకెన్ని చప్పుళ్లు వినిపిస్తాయో ఊహించడం కష్టం. అందుకే కొనే ముందే చప్పుడు గురించి ఆలోచించడం మేలు. ఇప్పటికే కంప్రెసర్ ఇంట్లో ఉంటే, దాన్ని గట్టి నేల మీద కాకుండా మందపాటి మడత గుడ్డ మీద, ట్యూబు చేరినంత దూరంలో పెడితే మోత చాలావరకు తగ్గుతుంది.

పెట్టె, మాస్క్, స్పేసర్

పిల్లికి తుంపర అందించడానికి ఎక్కువమంది ఎంచుకునేది క్యారియర్, అంటే పిల్లిని బయటకు తీసుకెళ్లే పెట్టె. పిల్లిని అందులో కూర్చోబెట్టి, ట్యూబు చివర ఉన్న కప్పును జాలీ తలుపు దగ్గర అమర్చి, పైన టవల్ కప్పుతారు. ముఖం మీద ఏదీ ఉండదు కాబట్టి చాలా పిల్లులు దీన్ని సహిస్తాయి. ఇక్కడ రెండు విషయాలు ఎవరూ పెద్దగా చెప్పరు.

ఒకటి, పెట్టె సైజు. 36 లీటర్ల క్యారియర్‌లోకి నిమిషానికి 6 లీటర్ల తుంపర గాలి వెళ్తుంటే, లోపలున్న గాలి మొత్తం పరిమాణమంత కొత్త గాలి రావడానికే 6 నిమిషాలు పడుతుంది. అంటే 10 నిమిషాల చికిత్సలో సగానికి పైగా పెట్టె నిండడానికే పోతోంది. పిల్లి సుఖంగా ఉంటుందని పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చి వాడితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. పిల్లి తిరిగి కూర్చోగలిగేంత పెట్టె చాలు. ఇంట్లో ఉన్నది పెద్దదైతే ఒక పక్క మడతపెట్టిన దుప్పటి సర్ది ఖాళీని తగ్గించవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. కంప్రెసర్ యంత్రం తుంపరతోపాటు తాజా గాలిని కూడా పెట్టెలోకి పంపుతుంది. మెష్ యంత్రం తుంపర వదులుతుందే కానీ గాలిని పంపదు. దాన్ని మూతపెట్టిన డబ్బాకు బిగిస్తే లోపలి గాలినే పిల్లి మళ్లీ మళ్లీ పీల్చుకోవాల్సి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్, వేడి రెండూ పెరుగుతాయి. ఏ యంత్రమైనా సరే, పెట్టెను పూర్తిగా మూసేయకూడదు. ఒక పక్క గాలి పోయే సందు వదలాలి, ఇంకో పక్క పిల్లి డొక్కల కదలిక కనిపించేలా ఉంచాలి. టవల్ నాలుగు వైపులా కప్పేసి గది బయటకు వెళ్లిపోవడం ప్రమాదం.

పెట్టె పద్ధతికి ఉన్న మరో లోపం, తుంపర బొచ్చు మీద కూడా వాలుతుంది. బయటకొచ్చాక పిల్లి చేసే మొదటి పని ఒళ్లంతా నాక్కోవడం. వట్టి సెలైన్ అయితే ఏమీ కాదు. స్టెరాయిడో యాంటీబయాటిక్కో అయితే ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మందు కడుపులోకి పోతుంది. అందుకే సెలైన్‌కు పెట్టె, స్టెరాయిడ్‌కు మాస్క్ అన్న విభజన సబబుగా ఉంటుంది. మాస్క్ అయినా తర్వాత ముఖాన్ని తడిగుడ్డతో తుడవాలి. మాస్క్ ముక్కుకు ఆనుకుని ఉండాలి. రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి పోయినా లోపలికి చేరే మందు బాగా పడిపోతుంది. నిద్రపోతున్న పిల్లి ముఖం ముందు దూరంగా కప్పు పట్టుకోవడం చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటుంది, కానీ మందు ఎక్కువగా గదిలోకే పోతుంది.

ఇక స్పేసర్. ఇది నెబ్యులైజర్ కాదు. ఒక చివర మాస్క్, మరో చివర ఇన్‌హేలర్ పెట్టే గొట్టం. పిల్లుల కోసం ప్రత్యేకంగా చేసిన ఏరోక్యాట్ లాంటివి ఉన్నాయి. ఇన్‌హేలర్ నొక్కాక పిల్లి 7 నుంచి 10 సార్లు ఊపిరి తీసుకుంటే చాలు, అర నిమిషంలో పని అయిపోతుంది. మోత లేదు, కరెంటు అక్కర్లేదు. ఆస్తమా ఉన్న పిల్లికి రోజూ స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తే నెబ్యులైజర్ కంటే ఇదే మెరుగైన దారి. జీవితాంతం రోజుకు రెండుసార్లు చేయాల్సిన పని 15 నిమిషాలదా, అర నిమిషందా అన్నది పిల్లికీ, ఇంట్లోవాళ్లకూ చాలా పెద్ద తేడా. ఆస్తమా అని తేలిన ఇంట్లో నెబ్యులైజర్ కొనేముందు స్పేసర్ సంగతి డాక్టర్‌ను తప్పక అడగాలి.

మచ్చిక చేయడానికి పట్టే రోజులు

చికిత్స మొదటి రోజే పూర్తి సమయం పెట్టాలన్న తొందర వల్లే ఎక్కువ ఇళ్లలో పని చెడుతుంది. ఒక్కసారి భయం పట్టుకుంటే ఆ పెట్టె కనిపించగానే పిల్లి మంచం కిందకు దూరుతుంది. అక్కణ్నుంచి మళ్లీ నమ్మకం తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. పరిస్థితి అత్యవసరం కాకపోతే ముందు కొన్ని రోజులు క్యారియర్‌ను తలుపు తీసి ఇంట్లోనే వదిలేయాలి. పిల్లికి ఇష్టమైన తిండి అందులో పెట్టాలి. అది తనంతట తాను లోపలికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక, పక్క గదిలో యంత్రం ఆన్ చేయాలి. చెవులు వెనక్కి వాలకపోతే రోజురోజుకూ కాస్త దగ్గరికి జరపాలి. తర్వాత మందు లేకుండా వట్టి సెలైన్‌తో ఒక నిమిషం, మర్నాడు 2 నిమిషాలు. మాస్క్ అయితే మొదట దాన్ని వాసన చూడనివ్వాలి, దాని అంచు నుంచే తిండి నాకనివ్వాలి, తర్వాత ఒక్క క్షణం ముక్కుకు తాకించి వెంటనే తీసేయాలి. పిల్లి వెనక్కి తగ్గకముందే మనం వెనక్కి తగ్గడం ఇందులో కిటుకు.

వేళ కూడా కలిసిరావాలి. ఆడి అలిసిపోయాకో, మధ్యాహ్నం కునుకు ముందో పిల్లి ఊపిరి నిదానంగా, లోతుగా ఉంటుంది. ఆ 5 నిమిషాలు, బలవంతంగా పెట్టిన 15 నిమిషాలకంటే ఎక్కువ పనిచేయవచ్చు.

కప్పులో ఏం పోస్తున్నారు?

అన్నిటికంటే ఎక్కువగా వాడేది 0.9 శాతం సెలైన్. శరీరంలోని ద్రవాల ఉప్పదనంతో సమానంగా ఉంటుంది కాబట్టి శ్వాసనాళాలను గుచ్చదు. ముక్కులో, ఛాతీలో గట్టిపడిన కఫాన్ని తడిపి వదులు చేస్తుంది. మామూలుగా 3 నుంచి 5 మిల్లీలీటర్లు, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు 2 లేదా 3 సార్లు అని డాక్టర్లు రాస్తుంటారు. జబ్బును బట్టి ఇది మారుతుంది. ఉత్త నీళ్లు, ఇంట్లో కాచిన ఉప్పునీళ్లు, కాంటాక్ట్ లెన్సుల సెలైన్ వాడకూడదు. ఉప్పదనం తక్కువైనా ఎక్కువైనా శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి, ఆస్తమా పిల్లిలో మరీను. కొన్ని సీసాల్లో పాడవకుండా కలిపే రసాయనాలు కూడా అదే పని చేస్తాయి. ఒక్కసారి వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో దొరికే స్టెరైల్ సెలైన్ అన్నిటికంటే నమ్మకమైనది. 3 శాతం, 7 శాతం ఉండే గాఢ సెలైన్‌ను మనుషుల జబ్బుల్లో కఫం తీయడానికి వాడతారు. దాన్ని చూసి పిల్లికి పెట్టడం తగదు.

సాల్బుటమాల్ ముడుచుకున్న నాళాలను నిమిషాల్లో తెరుస్తుంది. ఆస్తమా ఎటాక్ వచ్చినప్పుడు ఇది ప్రాణాధారం. పిల్లికి గుండె వేగం పెరగడం, వణుకు, నిలకడ లేకపోవడం దీనివల్ల రావచ్చు. ఊపిరి బాగానే ఉన్నా ముందుజాగ్రత్తగా రోజూ పెడదామనుకోవడం మంచిది కాదు. మామూలుగా దొరికే సాల్బుటమాల్‌ను క్రమం తప్పకుండా ఇస్తే పిల్లుల శ్వాసనాళాల్లో వాపు పెరగగలదని పరిశోధనల్లో కనిపించింది. ఆస్తమాకు మూలం ఆ వాపే. దాన్ని తగ్గించేది స్టెరాయిడ్. ఫ్లూటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్ పూర్తిగా పని మొదలుపెట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే మొదట్లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కూడా కలిపి ఇస్తారు. పీల్చే మందు మొదలైంది కదా అని మాత్రలను ఉన్నట్టుండి ఆపేయకూడదు.

న్యుమోనియా ఉన్నప్పుడు జెంటమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌ను తుంపరగా ఇవ్వడం ఉంది. నోటి ద్వారా, ఇంజక్షన్ ద్వారా ఇచ్చేవాటికి అది తోడు మాత్రమే. ఇలాంటి మందుల తుంపర గదిలోకి చిమ్మితే ఇంట్లోవాళ్లూ పీలుస్తారు. గాలి ఆడే చోట పెట్టుకోవాలి. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండకపోవడం మేలు.

అసిటైల్‌సిస్టిన్ గురించి విడిగా చెప్పాలి. మనుషుల్లో కఫం పలచబరచడానికి దీన్ని నెబ్యులైజర్‌లో వాడతారు కాబట్టి, పిల్లికీ పనికొస్తుందని ఎవరికైనా అనిపించడం సహజం. తుంపరగా పీలిస్తే ఇది శ్వాసనాళాలను రేపి, ముడుచుకునేలా చేస్తుంది. పిల్లి నాళాలు అసలే ముడుచుకునే గుణం ఉన్నవి.

నీలగిరి తైలం, పుదీనా తైలం, టీ ట్రీ నూనె, కర్పూరం కలిసిన బామ్‌లు యంత్రం దరిదాపుల్లోకి కూడా రాకూడదు. ఇలాంటి పదార్థాలను విడగొట్టి బయటకు పంపడానికి కావాల్సిన కాలేయ ఎంజైములు పిల్లిలో బాగా తక్కువ. మనిషికి ముక్కు తెరుచుకున్నట్టు హాయిగా అనిపించేది పిల్లి శరీరంలో విషంగా పేరుకుపోతుంది. నూనె తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే ఉండిపోయి ఇంకో రకం న్యుమోనియాకు దారితీస్తుంది.

ముక్కు దిబ్బడ పిల్లి, ఛాతీ జబ్బు పిల్లి

హెర్పిస్ వైరస్ చిన్నప్పుడే సోకి, ముక్కు ఎప్పటికీ పూర్తిగా బాగుపడని పిల్లులు చాలా ఉంటాయి. పసుపు చీమిడి, తుమ్ములు, గురగుర చప్పుడు. ఇంట్లో సెలైన్ నెబ్యులైజేషన్ వల్ల కళ్లముందే మేలు కనిపించేది వీటికే. ఎండి అట్టకట్టిన చీమిడి మెత్తబడుతుంది, తడి దూదితో తుడిస్తే వచ్చేస్తుంది. ఇక్కడ వేళకు గొప్ప విలువ ఉంది. పిల్లి తిండిని వాసనతోనే గుర్తిస్తుంది, ముక్కు మూసుకుపోతే గిన్నె ముందు కూర్చుని కూడా తినదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, మరీ ముఖ్యంగా ఒళ్లున్న పిల్లిలో, కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త ప్రమాదం వస్తుంది. అందుకే నెబ్యులైజేషన్ తిండికి ముందు పెట్టాలి. తుంపర అయ్యాక ముక్కు తుడిచి, కాస్త వెచ్చచేసిన తిండి ముందుంచితే వాసన అంది తినడం మొదలుపెడుతుంది.

ఛాతీలో కఫం ఉన్న పిల్లికి తుంపర అయ్యాక వీపు పక్కల తట్టమని చెబుతారు. అరచేతిని దొప్పలా వంచి, పక్కటెముకల మీద వెనక నుంచి ముందుకు మెల్లగా తట్టాలి. బోలు చప్పుడు రావాలి, దెబ్బ తగలకూడదు. తర్వాత పిల్లి దగ్గితే అది మంచికే, వదులైన కఫం కదులుతోందన్నమాట. ఆస్తమా ఎటాక్‌లో ఉన్న పిల్లికీ, పక్కటెముకలకు దెబ్బ తగిలిన పిల్లికీ, రక్తం గడ్డకట్టని జబ్బున్న పిల్లికీ ఇలా తట్టకూడదు. తట్టించుకోవడం నచ్చని పిల్లిని ఇంట్లో కాసేపు అటూఇటూ నడిపించినా కొంత పని జరుగుతుంది.

తుంపర ఏమీ చేయలేని జబ్బులూ ఉన్నాయి. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా, గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు దిగినా బయటకు కనిపించేది ఆయాసమే. గుండె జబ్బు పిల్లులు కుక్కల్లా దగ్గడం అరుదు కాబట్టి తేడా పట్టడం ఇంకా కష్టం. ఊపిరితిత్తుల పురుగులు, హార్ట్‌వార్మ్ అనే గుండె పురుగు కూడా ఆస్తమాలాగే కనిపిస్తాయి. పక్కింటి పిల్లికి తగ్గిందని ఎక్స్‌రే లేకుండా నెబ్యులైజర్ మొదలుపెడితే అసలు జబ్బుకు రోజులు అప్పగించినట్టే. దగ్గు వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో డాక్టర్‌కు చాలా ఉపయోగపడుతుంది. ఎందుకంటే ఆస్పత్రి బల్ల మీద పిల్లి దగ్గదు.

కప్పు కడగడం

మందు మిగిలిన కప్పును అలాగే మూసి పెడితే మర్నాటికి అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. తడిని ఇష్టపడే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాను మన చేత్తోనే సన్నటి కణాలుగా చేసి, ముక్కు కాపలాను తప్పించి ఊపిరితిత్తుల్లోకి పంపినట్టవుతుంది. ప్రతిసారీ మిగిలింది పారబోసి, కప్పును, మాస్క్‌ను కడిగి, చివరగా కాచి చల్లార్చిన నీళ్లతో తొలిచి, శుభ్రమైన గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడమే ఇందులో ముఖ్యం. మరిగించవచ్చా, ఏ ద్రావణంలో నానబెట్టాలి అన్నది ఆ యంత్రంతో వచ్చిన కాగితం చూసి చేయాలి, కొన్ని మెష్ భాగాలు మరుగుతున్న నీళ్లకు పాడవుతాయి. ట్యూబులో తేమ కనిపిస్తే కప్పు తీసేసి యంత్రాన్ని కాసేపు ఉత్తినే నడిపితే ఆరిపోతుంది. గాలి ఫిల్టర్ నల్లబడేదాకా ఆగకూడదు.

ఎప్పుడు ఆపాలి, ఏం చూడాలి

తుంపర మధ్యలో ఒకటి రెండు దగ్గులు వస్తే కంగారుపడక్కర్లేదు. దగ్గు ఆగకుండా వస్తున్నా, ఊపిరి వేగం పెరుగుతున్నా వెంటనే ఆపి, టవల్ తీసి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నా, మోచేతులు పక్కకు చాపి మెడ నిక్కించి కూర్చున్నా, చిగుళ్లు పాలిపోయినా నీలంగా మారినా అది ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం. కుక్క రొప్పడం మామూలే కానీ పిల్లి నోరు తెరిచిందంటే మామూలు విషయం కాదు. డాక్టర్ ముందే రాసిచ్చిన ఇన్‌హేలర్ ఉంటే స్పేసర్‌తో ఇస్తూ బయలుదేరాలి. నెబ్యులైజర్ బిగించి 15 నిమిషాలు చూద్దామనుకోకూడదు.

మామూలు రోజుల్లో చికిత్స పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి గడియారం ఒక్కటి చాలు. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు 30 సెకన్లపాటు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడిందో లెక్కపెట్టి రెండుతో గుణించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఆ సంఖ్య సాధారణంగా నిమిషానికి 30 లోపే ఉంటుంది. రోజుల తరబడి అంతకంటే పైకి పోతుంటే డాక్టర్‌కు చెప్పాలి, నిద్రలోనూ 40 దాటితే ఆగకుండా వెళ్లాలి. గుర్‌మంటున్నప్పుడు, కలలో మీసాలు కదులుతున్నప్పుడు లెక్కపెడితే తప్పు సంఖ్య వస్తుంది, అది సద్దుమణిగేదాకా ఆగాలి. రోజూ ఒకే వేళకు ఆ సంఖ్య, ఆ రోజు ఎన్ని దగ్గులు వచ్చాయి, ఎన్ని నిమిషాలు తుంపర పీల్చింది, తిండి ఎంత తింది ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే, రోజుకు మూడుసార్లు పెట్టేదాన్ని ఒకసారికి తగ్గించాలా, మందు మార్చాలా, అసలు ఆపేయవచ్చా అన్నది మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆ పేజీలు చూసి తేల్చవచ్చు.